దరఖాస్తు నింపిపెట్టే ఫైలు

తెలుగు వికీపీడియాలో ఒక అచ్చుతప్పు దిద్దడం చిటికెలో పని. పేజీ సవరణకు తెరుస్తాం, పెట్టెలో అక్షరం మారుస్తాం, కింద సారాంశం రాసి ప్రచురిస్తాం. అదే తప్పు వెయ్యి వ్యాసాల్లో దొర్లితే మాత్రం బాటుకు, అంటే తనంతట తానే దిద్దే ప్రోగ్రాముకు, అప్పజెప్పాల్సిందే. తొలినాళ్ళ బాట్లు ఈ పనిని వేషం కట్టి చేసేవి. మనుషుల కోసం తయారైన హెచ్‌టీఎంఎల్ పేజీని దించుకుని, అందులో పెట్టె ఎక్కడుందో వెతుక్కుని, బ్రౌజరులా నటిస్తూ ఫారాన్ని తిరిగి పంపేవి. పేజీ రూపం కాస్త మారిందా, ఇక బాటుకు దారి తెలిసేది కాదు.

వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌కు యూరీ అస్త్రఖాన్ 2006లో ఏపీఐ కట్టడం మొదలుపెట్టింది ఈ నేపథ్యంలోనే. మనుషులు వచ్చే ఇండెక్స్.పీహెచ్‌పీ పక్కన ప్రోగ్రాముల కోసం ఏపీఐ.పీహెచ్‌పీ అనే మరో గుమ్మం వెలిసింది. సమాచారం చదువుకునే వీలు ముందు వచ్చింది, పేజీల్లో రాసే వీలు తర్వాత. నాకు ముచ్చటేసేది ఆ రెండోదే.

ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది. ప్రచురించు మీట నొక్కగానే తెర వెనక చాలా విచారణ జరుగుతుంది. ఈ వాడుకరికి అనుమతి ఉందా, నిరోధం ఏమైనా ఉందా, పేజీకి సంరక్షణ ఉందా, ఈలోపు ఇంకెవరైనా ఇదే పేజీ మార్చారా, స్పామ్ లింకులేమైనా చేరాయా? ఈ తర్కమంతా ఎడిట్‌పేజ్ అనే పాత క్లాసులో, ఫారంతో పెనవేసుకుని ఉండేది. దాన్ని చూడగానే ఏ ప్రోగ్రామరుకైనా చేతులు దురద పెడతాయి: యంత్రాల కోసం కొత్తగా, శుభ్రంగా మళ్ళీ రాసేద్దామని. రాస్తే మొదటి నెల బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఒకచోట చేర్చిన తనిఖీ రెండోచోట చేర్చడం ఎవరో మరిచిపోతారు. నిరోధానికి గురైన మనిషి ముందు గుమ్మంలో ఆగిపోయి పక్క గుమ్మంలోంచి దర్జాగా లోపలికి వస్తాడు.

మీడియావికీ వాళ్ళు ఆ దురదను అణచుకున్నారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు దస్తావేజు రాసిపెట్టే లేఖరిని తలచుకోండి. లోపలి గుమాస్తాకు తెలిసింది ఒకే ఫారం. వచ్చినవాడు తన గోడు ఎలా చెప్పుకున్నా, లేఖరి దాన్ని గళ్ళలోకి ఎక్కించి గుమాస్తా చేతికిచ్చే రూపంలో తయారుచేస్తాడు. ఏపీఐ‌లోని ఎడిట్ మాడ్యూల్ ఆ లేఖరే. ప్రోగ్రాము పంపిన పాఠ్యం, సారాంశం, సమయం అన్నిటినీ తీసుకుని, వెబ్ ఫారంలోని అవే గళ్ళ పేర్లతో ఒక ఉత్తుత్తి రిక్వెస్టు కల్పించి ఎడిట్‌పేజ్‌కు అందిస్తుంది. ఈ పద్ధతి అంత ముచ్చటైనదేమీ కాదు గానీ పని నడుస్తుంది అని ఆ మాడ్యూల్ ఫైల్లోనే ఒక వ్యాఖ్య ఉంటుంది. రాసినవాళ్ళకు భ్రమలు లేవన్నమాట.

ఆ గళ్ళను దగ్గరగా చూస్తే పనితనం తెలుస్తుంది. సారాంశం ఖాళీగా వదిలితే మనిషికి ఒక హెచ్చరిక చూపించి, మళ్ళీ నొక్కించుకునే ఏర్పాటు వెబ్‌లో ఉంది. ప్రోగ్రాముకు చూపించేదేముంది? అందుకని లేఖరి ఆ హెచ్చరిక వద్దన్న గడిని ముందే నింపేస్తాడు. ఇంకోటి మరీ చిత్రం. యూనికోడ్‌ను పాడుచేసే బ్రౌజర్లను పట్టుకోవడానికి ఫారంలో ఒక రహస్య గడి ఉంది. అందులో అలంకార లిపిలో మీడియావికీ పొడి అక్షరాలు, ఒక గుండె బొమ్మ, యూనికోడ్ అన్న మాట ఉంటాయి. అవి చెక్కుచెదరకుండా తిరిగి వస్తేనే సేవ్ అవుతుంది. ఏపీఐ దగ్గర బ్రౌజరే లేదు. అయినా లేఖరి ఆ గుండె బొమ్మను కూడా బుద్ధిగా నింపుతాడు.

ఒక్కచోట మాత్రం పాత గోడకు కోత పెట్టక తప్పలేదు. సేవ్ చేసే పనినీ, ఫలితాన్ని తెర మీద చూపే పనినీ విడదీశారు. లోపలి ఫంక్షను ఏం జరిగిందో చెప్పి ఊరుకుంటుంది. వెబ్ దాన్ని పేజీగా మారుస్తుంది, ఏపీఐ దాన్నే ఎర్రర్ కోడ్‌గా మార్చి పంపుతుంది. కోత అంతవరకే. మిగతా తనిఖీలన్నీ అప్పట్లో ఉన్నచోటే ఉంచారు.

టోకెను సంగతీ చెప్పాలి. వేరే సైటు మన బ్రౌజరును వాడుకుని మన పేరున దిద్దుబాట్లు చేయకుండా ప్రతి ఫారంలోనూ ఒక టోకెను ఉంటుంది. ఏపీఐ‌కి మినహాయింపు లేదు, ముందు టోకెను అడిగి తీసుకోవాలి. దాని చివర ఎప్పుడూ ఒక ప్లస్, ఒక బ్యాక్‌స్లాష్ ఉంటాయి. తోకలా కనిపించే ఆ రెండు గుర్తులూ అసలు కాపలాదారులు. సరిగ్గా రాయని ప్రోగ్రాము ప్లస్‌ను ఖాళీగా మార్చేస్తుంది, నాసి ప్రాక్సీ బ్యాక్‌స్లాష్‌ను చెడగొడుతుంది. అలా పాఠ్యాన్ని పాడుచేసే అవకాశం ఉన్నదేదైనా ముందు టోకెనునే పాడుచేసుకుని దొరికిపోతుంది. వ్యాసం క్షేమం.

లోపాలు లేవా? జేసన్ అనే డేటా రూపంలో ఏపీఐ ఇచ్చే జవాబు మొదటి వెర్షను ఎక్స్‌ఎంఎల్ వాసన కొడుతుంది. పేజీ పాఠ్యాన్ని నక్షత్రం గుర్తు కింద దాచడం, అవును అనడానికి ఖాళీ స్ట్రింగు ఇవ్వడం లాంటివి. మన లిపి పరిస్థితి ఇంకా వింత. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరసంకేతం ఒక్కోటి మూడు బైట్లు. తెలుగు అన్న మాటలో సంకేతాలు ఆరు, అంటే 18 బైట్లు. పాత రూపంలో మామూలుగా అడిగితే ఒక్కో సంకేతమూ ఆరేసి ఆస్కీ గుర్తులుగా విడిపోయి, మొత్తం 36 గుర్తుల గజిబిజిగా వస్తుంది. 2015లో వచ్చిన రెండో ఫార్మాట్ వెర్షను వీటన్నిటినీ సరిచేసి, తెలుగును తెలుగుగానే ఇస్తోంది. కానీ కోరి అడిగితేనే! అడగకపోతే ఇప్పటికీ పాతదే వస్తుంది, పాత బాట్లు ఆగిపోకూడదని. కొత్తవాళ్ళు ప్రతిసారీ తడబడే చోటు ఇది. అయినా వాళ్ళ నిర్ణయమే సరైనదంటాను.

వీలుంటే తెలుగు వికీపీడియా ప్రత్యేక పేజీల జాబితాలో ఏపీఐ శాండ్‌బాక్స్ తెరిచి చూడండి, చదివే ప్రశ్నలకు ఖాతా కూడా అక్కర్లేదు. పేరులో ఇసుక ఉంది కదా అని ఎడిట్ మాడ్యూలుతో మాత్రం ఆడుకోకండి. అక్కడ నొక్కితే దిద్దుబాటు నిజంగానే జరుగుతుంది, పేజీ చరిత్రలో మీ పేరుతో నమోదవుతుంది. ముందు మీ సొంత ప్రయోగశాల పేజీ మీద చేసి చూసుకోండి.