గడికీ గడికీ మధ్య

పెద్ద సినిమా పనులు నడుస్తున్న హైదరాబాద్ ఫిల్మ్‌నగర్ ఆఫీసుల్లో స్టోరీబోర్డు కాగితాలు కనిపిస్తుంటాయి. ఒక్క ఫైటు ముప్పై గళ్లలో. షూటింగ్ కాగానే అవి ఏ బీరువా అడుగుకో చేరతాయి. లక్షల మంది చూసే సాహసగాథను బొమ్మల్లో చదివేది ఆ ఆఫీసులోని పదిమందే. ఒక్కో గడి దగ్గర ఆగి, కెమెరా ఎక్కడ, చూపు ఎటు, ఖాళీ ఎంత అని వాళ్లు చూస్తారే, గ్రాఫిక్ నవలనూ అలాగే చదవాలి.

మద్రాసులో ఉండి దర్శకుడు బాపు నమ్ముకున్నదీ స్టోరీబోర్డునే. తీయబోయే షాట్లను ముందుగా బొమ్మలు వేసుకునేవారు. ‘సంపూర్ణ రామాయణం’, ‘సీతా కల్యాణం’ (1976) ఎక్కడ ఆపి చూసినా, ఎంత జాగా వదిలేయాలో తెలిసిన చెయ్యి పట్టుబడుతుంది.

అయితే సినిమాలో కాలం ఎడిటర్ చేతిలో ఉంటుంది, పుస్తకంలో మన చేతిలో. ఒక గడిలో గుర్రం లోయ అంచున ఉంది. తర్వాతి గడిలో అవతలి గట్టు మీద దుమ్ము. గుర్రాన్ని దూకించిందెవరు? ఆ రెండు గళ్ల మధ్య తెల్లటి సందులో మనమే. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో ‘అండర్‌స్టాండింగ్ కామిక్స్’ రాస్తూ ఈ సందుకే పెద్దపీట వేశాడు. మనవాళ్లేమో బుడగల్లో మాటలు గబగబా చదివేసి పేజీ తిప్పేస్తారు. (నేనూ చాలాకాలం అంతే. రెండోసారి బుడగలు వదిలేసి బొమ్మలే చూస్తే కథ కొత్తగా కనిపించింది.)

సాహసం రకాన్ని బట్టి చదివే తీరు మారుతుంది. కౌబాయ్ కథలో గడి వెడల్పు చూడాలి: అడ్డంగా సాగిన గడి అంటే ఎడారి, ఎదురుచూపు. 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ చూసినవాళ్లకు ఆ మౌనం కొత్త కాదు. ‘టిన్‌టిన్ ఇన్ టిబెట్’లో మంచు తెలుపే భయపెడుతుంది. జపాన్ మాంగా అయితే కుడి నుంచి ఎడమకు. పది పేజీలకు కన్ను అలవాటు పడుతుంది.

జానపదం మాత్రం మన సొంత ఇల్లు. ‘చందమామ’లో 1954లో మొదలైన ‘తోకచుక్క’ నుంచీ దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లకు చిత్రకారుడు చిత్రా బొమ్మలు. అవి కామిక్స్ కావు, కథ పక్కన బొమ్మలు. కానీ రాక్షసుడి గోరు పేజీ అంచును తాకుతుంటే పిల్లవాడు ఊపిరి బిగబట్టేవాడు. అమర్ చిత్ర కథలు చదువుతూ పెరిగానని రాజమౌళి చాలాసార్లు చెప్పారు. ‘బాహుబలి’ తెర మీదికి వచ్చాక గ్రాఫిక్ ఇండియా దాన్ని మళ్లీ కామిక్స్‌గా తెచ్చింది. తెర మీద మాహిష్మతిని చూసిన కంటికి పేజీ ఇరుకనిపించడం సహజమే. నా మటుకు నాకు ఆ ఇరుకే నచ్చుతుంది, పాటా రీరికార్డింగూ లేకుండా కోట గోడ ఒంటరిగా నిలబడాలి కదా.

అసలు గళ్లలో కథ చెప్పే ఈ విద్య హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్లలోని చేర్యాలలో ఎప్పటినుంచో ఉంది. బట్టకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసి, ఎర్రటి నేల మీద నకాషీలు బొమ్మలు వేస్తారు. ఒక్కో పటం గజాల కొద్దీ పొడవు. పూలతీగల అంచులతో గళ్లు విడదీస్తారు. పద్మశాలీల కోసం కూనపులివాళ్లు, గొల్లల కోసం మందహెచ్చులవాళ్లు ఆ పటం చూపిస్తూ కథ చెబుతారు. గొల్లల వీరుడు కాటమరాజు యుద్ధానికి కదిలేదాకే పటం విప్పి ఆపితే, జనం ఆగాల్సిందే. కామిక్స్ రచయిత కుడి పేజీ చివరి గడిలో చేసేది ఇదే: ప్రమాదాన్ని సగం చూపి, మిగతాది పేజీ వెనక దాచడం.

కథ వినేవాళ్లు తగ్గాక నకాషీలు చిన్న ఫ్రేములు, మాస్కులు చేసి అమ్ముతున్నారు. జూబ్లీహిల్స్ డ్రాయింగ్ రూముల్లో సోఫా పైన కనిపించే ఎర్రటి పటం అలాంటిదే. ఒక్క గడి. దాని తర్వాతి గడిలో ఏముందో ఆ ఇంట్లో ఎవరూ అడగరు.