ఖుదాబక్ష్ లైబ్రరీ ఎవరి ఖజానా?

మా సంస్కృతి గురించి మాట్లాడే మిత్రులు తాజ్‌మహల్ దగ్గర మొదలుపెట్టి బిర్యానీ దగ్గర ఆగుతారు. బాగా చదువుకున్నవాళ్లయితే పాట్నా ఖుదాబక్ష్ లైబ్రరీ పేరెత్తుతారు. దాన్నీ నవాబుల ఖాతాలోనే రాసేస్తారు. మేం ఒప్పుకోం.

ఖుదాబక్ష్ నవాబు కాదు, వకీలు. తండ్రి మహమ్మద్ బక్ష్ చనిపోతూ 1400 రాతప్రతులు అప్పజెప్పి, జనం కోసం కుతుబ్‌ఖానా పెట్టమన్నారు. కొడుకు వాటిని 4000 దాకా పెంచి 1891లో తలుపులు తెరిచారు. 1895లో నిజాం హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా మా హైదరాబాద్‌కూ వచ్చారు. చివరికి ఆ లైబ్రరీ ఆవరణలోనే సమాధి అయ్యారు.

అక్కడి పుస్తకాల్లో అందరూ చెప్పుకునేది 'తారీఖె ఖాన్‌దానె తైమూరియా'. అక్బర్ కాలంలో బొమ్మలతో తయారైన తైమూరు వంశ చరిత్ర. 2011లో యునెస్కో 'మెమరీ ఆఫ్ ది వరల్డ్' జాబితాకెక్కింది. చూడబోయినవాళ్లకు ముందు చూపేది షాజహాన్ దస్తూరీ. మా కళ్లు మాత్రం బొమ్మల కింది అంచు మీద పడతాయి. గీసినవాళ్ల పేర్లు అక్కడ చిన్న అక్షరాల్లో ఉంటాయి. వాళ్లలో ఒకడు దస్వంత్. పల్లకీ మోసే బోయీ కొడుకని అబుల్ ఫజలే రాశాడు. పాదుషాల వంశాన్ని బొమ్మకట్టింది ఒక హిందూ బోయీ బిడ్డ! మరి ఇది ఎవరి వారసత్వం? గర్వంతో ఛాతీ విరిచే మా అష్రాఫ్ పెద్దలూ, దీన్ని పరాయిదనే అవతలి పెద్దలూ ఇద్దరూ జవాబు చెప్పాలి.

1969లో పార్లమెంటు చట్టంతో ఇది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. ప్రసంగాలు, ప్రదర్శనలు, సెమినార్లు, 1977 నుంచి సొంత జర్నల్. మంచి పనులే, కాదనం. కానీ ఎక్కువగా పండితులు పండితులతో మాట్లాడుకునేవి. నిజమైన జనం ఉండేది 1905లో కట్టిన కర్జన్ రీడింగ్ రూంలో. ఉద్యోగ పరీక్షలకు చదివే పేద కుర్రాళ్లు అక్కడ గంటల తరబడి కూర్చుంటారు. 2021లో ఫ్లైఓవర్ కోసం కొంత కూలుస్తామన్నది సరిగ్గా ఆ గదినే. లైబ్రరీ అడ్డుపడింది, ఊరు గొంతెత్తింది. అప్పుడు కూడా పురాతన కట్టడమన్న మాటే గట్టిగా వినబడింది, ఆ కుర్రాళ్ల ఊసు వెనకబడింది.

దస్వంత్ మీద ఒక ప్రసంగం ఆ గదిలోనే, ఆ పిల్లల ముందే, వాళ్ల హిందీలోనే పెట్టండని మేం అడుగుతున్నాం.