ఇనుముతో బ్రతుకు కణము: ఒక ఆటలోని ఊహ

జీవపరిణామమును ఆటగా మలచిన ‘థ్రైవ్’ అను కంప్యూటరు ఆటను రెవల్యూషనరీ గేమ్స్ స్టూడియో అను బృందము నిర్మించుచున్నది. ఆటగాడు మొదట కేంద్రకము లేని చిన్న కణముగా నీటిలో తిరుగును. తరతరమునకు తన దేహములో క్రొత్త భాగములను చేర్చుకొనును. నీటిలో తేలు ఇనుప ముక్కలు కూడ ఆహారమే. రస్టిసయానిన్ అను ప్రోటీను గల కణము వాని నుండి శక్తిని పొందును. దీనికి పై మెట్టుగా, కేంద్రకము గల కణముల కొరకు ‘ఫెరోప్లాస్ట్’ అను కణాంగము ఊహింపబడినది. హరితరేణువు సూర్యకాంతితో పనిచేయునట్లు ఇది ఇనుముతో పనిచేయునట. ప్రకృతిలో ఇట్టి కణాంగము కానరాలేదు. ఊహించుట తప్పుకాదు, ఆ ఊహకు రసాయనశాస్త్రము ఎంతవరకు ఒప్పుకొనును అన్నదే ప్రశ్న.

రస్టిసయానిన్ కల్పన కాదు. బొగ్గుగనుల నుండి కారు ఆమ్లజలములో ఇనుమును ఆక్సీకరించు బాక్టీరియాను గూర్చి 1947లో కోల్మర్, హింకిల్ అనువారు తెలిపిరి. నేడు ఆ జీవిని అసిడితయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్ అందురు. రస్టిసయానిన్ దానిలోనిదే. వింత యేమనగా, ఇనుముతో బ్రతుకు జీవియొక్క ఈ ప్రోటీనులో ఉన్న లోహము ఇనుము కాదు, రాగి! అదియు శక్తిని పుట్టించదు. కణపు వెలుపలి పొరలోని ఒక సైటోక్రోము ఇనుము నుండి ఎలక్ట్రానును గ్రహింపగా, రస్టిసయానిన్ దానిని ముందుకు చేరవేయు బంట్రోతు మాత్రమే. ఆటలో పనియంతయు ఈ బంట్రోతునకే అప్పగించుట విద్యార్థులను కొంత తప్పుదారి పట్టించును.

ఇక ఆదాయము సంగతి. ఆమ్లజలములో ఫెర్రస్ ఇనుము ఫెర్రిక్ ఇనుముగా మారునప్పుడు మోలునకు సుమారు 33 కిలోజౌళ్ల శక్తియే లభించును. ఒక మోలు గ్లూకోజు పూర్తిగా ఆక్సీకరింపబడినచో సుమారు 2,870 కిలోజౌళ్లు వచ్చును. అనగా ఒక గ్లూకోజు అణువునకు సరితూగుటకు ఇంచుమించు 87 ఇనుప పరమాణువులు కావలెను. కేంద్రకము గల పెద్ద కణమునకు ఇది చాలీచాలని జీతము.

అంతకు మించిన చిక్కు తుప్పు. ఆమ్లము లేని నీటిలో ఫెర్రిక్ ఇనుము కరగక పేరుకొనిపోవును. అందుచేతనే ఈ జాతి బాక్టీరియా ఇనుమును లోనికి తెచ్చుకొనక, వెలుపలి పొరవద్దనే పని ముగించుకొనును. గాలియొనెల్లా అను బాక్టీరియా మెలిపెట్టిన త్రాడువంటి కాడను స్రవించి, తుప్పును దానిపైననే వదలిపెట్టును. మరి కణము నడుమ ఉన్న ఫెరోప్లాస్ట్ తన తుప్పును ఎచట పారవేయును? పొయ్యి వేసి, బూడిద ఎత్తుటకు దారి మరచినట్లున్నది ఈ ఏర్పాటు. పైగా విడిగా తిరుగు ఫెర్రస్ ఇనుము కణములోని హైడ్రోజన్ పెరాక్సైడుతో కలిసి, కణమునకే హానిచేయు పదార్థములను పుట్టించును.

ఫెరోప్లాస్టును ఆటలో నిలుపదలచినచో దానిని కణపు అంచుననే ఉంచి, తుప్పును విసర్జించు మార్గమును కల్పింపవలెను. అది ఆమ్లజలమునందో, ప్రాణవాయువు కొరవడిన నీటియందో మాత్రమే లాభము నిచ్చునట్లు చేయవలెను. ఆమ్లము లేక ప్రాణవాయువు నిండిన నీటిలో ఇనుము తనంతతానే త్వరగా తుప్పుపట్టును గనుక, అచట కణమునకు మిగులునది స్వల్పమే.