చీరకట్టిన మరియమాత: సిస్టర్ క్లేర్ చిత్రములలో దేశీయత

గుంటూరు సీమలో మఠకన్య యనగానే మనకు స్ఫురించునవి పాఠశాలయు, వైద్యశాలయు. 1904లో హాలండు దేశమునుండి గుంటూరునకు వచ్చిన యేసు మరియ జోసెఫు సభ సోదరీమణులు మొదలుకొని ఈ ప్రత్తి, మిరప మైదానములలో కన్యాస్త్రీలు చేసిన సేవ ఆ రెండు రంగములలోనే ప్రసిద్ధము. కుంచె పట్టిన మఠకన్యను గూర్చి మన కళాచర్చలలో ప్రస్తావన అరుదు. తెలుగు సీమలో హిందూ కుటుంబమున జన్మించి, నిష్కళంక మరియ సలేషియన్ మిషనరీ సభలో చేరి, బెంగుళూరు నివాసముగా సువార్త కథలను చిత్రించిన సిస్టర్ క్లేర్ (1937–2018) అట్టి అరుదైన వ్యక్తి. ఆమె చిత్రములందలి దేశీయత ఎట్టిది? అది వేషముతో ఆగినదా, అంతకు లోతునకు పోయినదా? ఈ ప్రశ్ననే ఇట విచారింపదలచితిమి.

ముందుగా సందర్భము చెప్పవలెను. మన పల్లెల దేవాలయములలో చిరకాలము నిలిచినవి ఐరోపా ముఖకవళికలు గల సున్నపు ప్రతిమలు. వానిముందు మోకరించిన కూలిస్త్రీకి మరియమాత పూజ్యురాలే కాని ఇరుగుపొరుగు మనిషి కాదు. ఈ దూరమును తగ్గింపవలెనన్న తలంపు గోవా చిత్రకారుడు ఆంజెలో ద ఫొన్సెకా (1902–1967) నాటికే గలదు. 1963లో రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన ఆరాధన శాసనము ఆయా జాతుల కళలకు దేవాలయమున చోటు కల్పించినది. 1967లో బెంగుళూరున నెలకొనిన జాతీయ బైబిలు, ధర్మోపదేశ, ఆరాధన కేంద్రము ఆ ప్రయత్నమునకు ఆలంబన మైనది. క్లేర్ కృషిని ఈ నేపథ్యముననే చూడవలెను.

ఆమె క్రీస్తుజనన చిత్రములలో తల్లి చీర కట్టినది. చుట్టు నున్నవారు మన గ్రామములలో కనిపించు జనము. రేఖ గుండ్రనిది, వర్ణము నిండైనది, కన్నులు విశాలములు. కథ ఎరుగని బాలుడును చూడగానే గ్రహింపగల స్పష్టత ఆ చిత్రముల ప్రధాన లక్షణము. ఇది జానపద చిత్రణమునకు చేరువైన పద్ధతి. అచ్చుపటములుగా, శుభాకాంక్షల పత్రికలుగా అవి దూరదేశములకు వ్యాపించుటకు ఈ సుబోధతయే కారణమని మా అభిప్రాయము.

పరదేశపు కథకు ఇచటి దేహము నిచ్చుట కృష్ణాతీరమునకు క్రొత్త కాదు. అమరావతి శిల్పులు ఉత్తరదేశమున పుట్టిన బుద్ధకథను చెక్కిరి. తొలుత బుద్ధుని పాదముద్రలచేతను, శూన్యాసనముచేతను సూచించిరి. పిదప మనుష్యరూపము నిచ్చిరి. మాయాదేవియు, పరిచారికలును ఆంధ్రస్త్రీల నడుమును, నిలుకడను, ఆభరణములను ధరించి వెలసిరి. ఆ ఫలకములను చూచి బుద్ధునికి అన్యాయము జరిగినదని ఎవరును అనరు. కాన చీరకట్టిన మరియను కేవలము వేషధారణమని త్రోసివేయువారు తమ సీమ శిల్పమునే మరచిన వారగుదురు.

అయినను దేశీయత యనునది ఏకరూపము కాదు. ఎవరి దేశీయత యని అడుగక తప్పదు. పద్మాసనమును, కాషాయమును క్రైస్తవకళలోనికి తెచ్చినవారు భారతీయత యనగా ఆశ్రమసంస్కృతియే అనుకొనిరని 1980ల నుండి దళిత వేదాంతులు ఆక్షేపించిరి. గుంటూరు, ప్రకాశము ప్రాంతములందలి క్రైస్తవులలో అధికసంఖ్యాకులు దళితకులముల వారగుటచే ఈ ఆక్షేపణ మనకు దూరము కాదు. వినుకొండలో పుట్టిన జాషువ 1941లో ‘గబ్బిలము’ వెలయించి, పిదప ‘క్రీస్తు చరిత్ర’ రచించి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము నందెను. ఆ మహాకవి క్రీస్తును గానము చేసినపుడు ఆ స్వరము వెనుక అవమానము నెరిగిన హృదయ మున్నది.

ఈ గీటురాతిపై క్లేర్ చిత్రములు ఎట్లు నిలుచును? ఆశ్రమమునకంటె ఇంటిముంగిలికి చేరువగుట ఆమె గెలుపు. యోగముద్రలోని క్రీస్తును చూచి వెరగుపడు స్త్రీ, బిడ్డ నెత్తుకొన్న చీరకట్టు తల్లిని చూచి తనవారిలో ఒకతెగా గుర్తింపగలదు. కాని ఆ ముఖములన్నియు ఒకే ప్రశాంతత గలవి. మిరపకోతలో మండు చేతులు, ఒడినిండ ప్రత్తి మోసి వంగిన నడుము ఆ చిత్రములకు పూర్తిగా లోబడలేదు. పేదరికము ఉన్నది, దాని బరువు లేదు. ఈ లోపమును మేము దాచము.

అయితే చిత్రమును ప్రదర్శనశాలలోని వస్తువుగా మాత్రమే తూచుట న్యాయము కాదు. ఇవి బోధించుటకు పుట్టినవి. పాఠము చెప్పువాడు మొదట శ్రోతను బెదరకుండ దగ్గరకు పిలుచును. కఠినమైన మాట పిదప చెప్పును. క్లేర్ మొదటి పనిని సంపూర్ణముగా నెరవేర్చినది. రెండవ పని ఆమె తరువాతి చిత్రకారులకు మిగిలినది.

మన విశ్వవిద్యాలయములలో క్రైస్తవ తెలుగు సాహిత్యమును గూర్చి పరిశోధనలు జరిగినవి. గుడిగోడల చిత్రములను, ధర్మోపదేశ పుస్తకముల బొమ్మలను, ఇండ్లలో తగిలించిన అచ్చుపటములను అంత శ్రద్ధతో చూచిన పరిశోధకులు తక్కువ. చదువురాని పల్లెస్త్రీకి మొదటి గ్రంథము ఆ పటమే. ఊరూర నిలిచియున్న ఆ పటములను పరిశోధక విద్యార్థులు సేకరించి, ఎవరు ఏ బొమ్మలో తమను తాము చూచుకొనిరో అడిగి వ్రాసికొనవలెనని మా మనవి. అవి వెలిసిపోవకముందే ఆ పని జరుగవలెను.