కథకు ముందు పంచనామా

1940లలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ అనే అమెరికన్ మహిళ పోలీసులకు పాఠం చెప్పడానికి బొమ్మరిళ్లు తయారుచేసింది. అడుగును అంగుళానికి కుదించిన ఆ గదుల్లో కనిపించేవి అనుమానాస్పద మరణాలు. గోడ మీద క్యాలెండరు, పొయ్యి మీద గిన్నె, తలుపు గడియ దాకా అన్నీ అచ్చం నిజమైనవే అనిపిస్తాయి. హార్వర్డ్‌కు శిక్షణకొచ్చిన అధికారులు ఒక్కో గదిని 90 నిమిషాలు పరిశీలించేవారు. చేతికిచ్చిన సాక్షుల మాటల్లో నిజమెంతో వాళ్లే తేల్చుకోవాలి. ఆ బొమ్మరిళ్లు బాల్టిమోర్‌లో ఇప్పటికీ శిక్షణకు పనికొస్తున్నాయి, అందుకే జవాబులు బయటపెట్టరు.

ఉత్తుత్తి నేరపరిశోధనతో హైస్కూలు పిల్లలకు కథారచన నేర్పాలనుకునేవారికి ఇంతకన్నా మంచి నమూనా నాకు కనబడదు. తరగతి గదిలో ఒక మూల చాలు. పడిపోయిన కుర్చీ, సగం తాగిన టీ గ్లాసు, తాళం పగలకుండానే ఖాళీ అయిన బీరువా. హత్య అక్కర్లేదు, స్కూలు కబడ్డీ కప్పు పోయినా సరిపోతుంది. నెత్తురు ప్రస్తావన వస్తే పిల్లల చూపు ఇక వేరే దేనిమీదా నిలవదు.

మొదటి పని పంచనామా. కంటికి కనబడిందే రాయాలి. 'ఎవరో కంగారుగా పారిపోయారు' అని రాస్తే కొట్టేయాలి. 'కుర్చీ తలుపు వైపు పడి ఉంది, టీ మీద తొరక కట్టింది' అంటే ఉంచాలి. ఇక్కడ ఎన్ని రోజులు పట్టినా తొందరపడకూడదు. పదిహేనేళ్ల వయసులో రాసే కథల్లో ఆవేదన, కన్నీళ్లు దండిగా ఉంటాయి, వస్తువులు మాత్రం ఉండవు. టీ మీద తొరక కట్టడానికి ఎంతసేపు పడుతుందో ఆలోచించిన అమ్మాయి, రేపు తన కథలో అమ్మ కోపాన్ని ఆ మాట వాడకుండానే గిన్నెల చప్పుడులో వినిపించగలదు.

తర్వాత వాంగ్మూలాలు. వాచ్‌మన్, పీఈటీ సార్, ఓడిన జట్టు కెప్టెన్ ఎవరి మాటల్లో వాళ్లు చెప్పాలి. ఒకరు అబద్ధమాడాలి, ఇంకొకరు నిజమనుకుంటూనే పొరబడాలి. వ్యాసరచన నోట్‌బుక్కులోకి ఇన్నాళ్లూ రానివ్వని ఇంటి యాస ఇక్కడ హక్కుగా లోపలికొస్తుంది.

ఆపైన గొలుసు కథ. లండన్ డిటెక్షన్ క్లబ్ రచయితలు 1931లో 'ది ఫ్లోటింగ్ అడ్మిరల్' నవలను తలా ఒక అధ్యాయం రాశారు. అగాథా క్రిస్టీ, డొరొతీ సేయర్స్ కూడా అందులో ఉన్నారు. ముందువాళ్లు వదిలిన చిక్కుముడులను దాటవేయకూడదు, తమ మనసులో కచ్చితమైన పరిష్కారం లేకుండా రాయకూడదు అన్నవి వాళ్లు పెట్టుకున్న నియమాలు. తరగతిలోనూ ప్రతి జట్టూ తన పరిష్కారాన్ని కవర్లో పెట్టి అంటించి, అధ్యాయాన్ని పక్క జట్టుకు అందించాలి. అప్పుడిక 'అదంతా కల' అని తప్పించుకోవడానికి వీలుండదు.

కవర్లు విప్పి దొంగెవరో తేల్చాక కూడా ఒక పేజీ రాయించాల్సి ఉంటుంది. కప్పు తీసే ముందు రాత్రి ఆ మనిషి ఇంట్లో ఏం జరిగిందో, ఆ మనిషి గొంతుతోనే.