ఏ ఊరి బొండామండీ?

ఫ్రాన్సులో గారోన్, డోర్డోన్ నదులు కలిసి జిరోండ్ అయి సముద్రం దారి పడతాయి. ఎడమ గట్టున మెడోక్‌లో గులకరాళ్ళ నేల. అక్కడి కాబెర్నే సోవిన్యోన్ ద్రాక్ష ఎర్ర వైను లేతప్పుడు నోరు బిగదీస్తుంది, ఏళ్ళు గడిస్తేగాని లొంగదు. కుడివైపు పోమెరోల్‌లో బంకమన్ను ఎక్కువ, అక్కడి మెర్లో ద్రాక్ష వైను మెత్తగా గొంతు దిగుతుంది. సీసా మీద ద్రాక్ష పేరు లేకపోయినా ఊరి పేరు మాత్రం ఉంటుంది.

గోదావరి పాయలు గౌతమికీ వసిష్ఠకీ నడుమ, మధ్యలో వైనతేయ చీల్చిన కోనసీమ మనది. 1954 దాకా ఫ్రెంచివాళ్ళు ఏలిన యానాం ఎదురులంక రేవుకి ఆవలి గట్టే. అయినా ఊరిని బట్టి రుచి చూసే ఆ మర్యాద మనకి అంటలేదు. బొండాం ఏదైనా బొండామే అనుకుని స్ట్రా పెట్టి లాగేస్తాం.

కొత్తపేట, ఆత్రేయపురం వైపు లంకల్లో వరద ఒండ్రు పోసి వెళుతుంది. ఆ కాయ తన తీపంతా తొలి గుక్కకే ఇచ్చేస్తుంది, రెండో గుక్కకి దాచిందేమీ ఉండదు. పిల్లలకి నచ్చుతుంది. అమలాపురం, అంబాజీపేట కాలవల కింది బరువు నేల కాయ అలా తొందరపడదు. నీళ్ళు నాలుక మీద కాస్త నిలుస్తాయి, మింగాక లేత మీగడ వాసన ముక్కుకి అందుతుంది.

నా మనసు మాత్రం రాజోలు దాటాక, సఖినేటిపల్లి, అంతర్వేది ఇసక నేలల్లో ఉంది. కత్తి మూడు వేట్లకి మూత లేస్తుంది, నీళ్ళు చివ్వున చిమ్ముతాయి. పెదవికి తగిలిన తొలి చుక్కలో సన్నని ఉప్పు. దాని వెనకే తీపి వస్తుంది, ఉప్పు ముందు నడిచింది కాబట్టి ఆ తీపికి ఒక అంచు ఉంటుంది. చివర్న నాలుక పక్కల చిన్న వగరు. గుక్కకీ గుక్కకీ మధ్య ఆగాలనిపించే నీళ్ళివి. "ఇసక నేల కాయండీ, నెమ్మదిగా తాగండి" అంటాడు దింపు తీసే మనిషి. అంతకు మించిన విమర్శ నేను చదవలేదు.

ఆ ఉప్పుకీ హద్దుంది. శంకరగుప్తం డ్రెయిన్ వెంట సముద్రపు నీరు ఎగదన్నాక కేశనపల్లి వైపు చెట్ల తలలే రాలిపోయాయి.

నేలని పోల్చాలంటే మిగతావి సమానంగా ఉండాలి. దేశవాళీ కాయని గంగాబొండంతో పోలిస్తే తెలిసేది జాతి తేడాయే. ఆ రెండింటినీ కలిపి అంబాజీపేట పరిశోధన కేంద్రం గోదావరి గంగ తీసింది, దాని లెక్క వేరు. వయసూ చూడాలి. ఆరేడు నెలల కాయలో తీపి నిండుగా ఉంటుంది, ముదిరేకొద్దీ నీళ్ళు తగ్గి కొబ్బరి గట్టిపడుతుంది. మెడోక్ వైనులా దాచుకుని తాగే వీలు దీనికి లేదు, కొట్టిన కాయ కొట్టినప్పుడే తాగాలి.

ఈసారి బండి దగ్గర ఆగితే రేటుకన్నా ముందు ఊరు అడగండి. ఐసులో పెట్టింది వద్దనండి, స్ట్రా అక్కర్లేదనండి, కాయ ఎత్తి తాగండి.