దాత పేరు రాయి మీద, రాయి మోసినోడు ఎక్కడ?

మా ఊరి బడిలో ఒక ఫ్యాను ఉండేది. మూడు రెక్కల మీద దాత పేరు, ఆయన తండ్రి పేరు, ఊరి పేరు ఎర్ర పెయింటుతో రాసి ఉండేవి. ఫ్యాను తిరుగుతుంటే పేరు కనబడదు, కరెంటు పోతేనే కనబడుతది. కరెంటు ఎక్కువసార్లు పోయేది కాబట్టి ఆ పేరు మాకు అక్షరం అక్షరం నోటికొచ్చింది. ఆ బడి గోడకు బండ మోసినోళ్లు మా వాడ వాళ్లు. మా తాత కూడా మోసిండు. కూలి ఇచ్చిండ్రా అని అడిగితే "బడికి గదా బిడ్డా, ఊరి పని" అన్నడు. బడి కట్టినంక అదే బడిలో మా నాయనను వాకిట్లో కూసుండబెట్టిండ్రు.

ఈ ముచ్చట ఎందుకంటే, పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో (2016లో ముక్కలు కాకముందు ఉన్న జిల్లాలు) దాతృత్వ చరిత్ర మీద దొరికిన రాతలన్నీ చదువుతూ వచ్చాను. స్థలపురాణాలు, దేవాలయ కరపత్రాలు, సన్మాన సంచికలు, మిషనరీల జ్ఞాపకాలు, అధికారుల పుస్తకాలు, బడులూ సత్రాల గోడల మీది శిలాఫలకాలు. వీటన్నిటికీ ఒకటే వ్యాకరణం. కర్త దాత, కర్మ దానం, క్రియ "ఇచ్చెను". తీసుకున్నవాడు "నిరుపేదలకు", "అనాథలకు", "హరిజనులకు" అంటూ "కు" విభక్తిలోనే ఉంటాడు. అతనికి పేరుండదు, నోరుండదు. ఇచ్చినవాడికి ఆ ఆస్తి ఎక్కణ్నించి వచ్చిందన్న ప్రశ్న ఈ వ్యాకరణంలో పుట్టనే పుట్టదు.

మాటల దగ్గర్నుంచే మొదలుపెడదాం. ఇనాం అంటే బహుమానం. నిజాం రాజ్యం రెవెన్యూ కాగితాల్లో బేగరి ఇనాం, నీరడి ఇనాం, శేత్‌సిందీ ఇనాం అని ఉంటాయి. బేగరి ఇనాం అంటే ఏమిటి? ఊరికి వచ్చిన అధికారి సామాను మోయాలి, కబురు తీసుకపోవాలి, చచ్చిన గొడ్డును ఎత్తాలి, బొంద తవ్వాలి. తరతరాలుగా ఇవన్నీ చేస్తే ఒక చెక్క భూమి. పని మానేస్తే భూమి పాయె. దీన్ని ప్రపంచంలో ఏ భాషలోనైనా కూలి అంటారు, అదీ తక్కువ కూలి. మన కాగితాల్లో మాత్రం బహుమానం అయింది. 1955లో హైదరాబాద్ ఇనాముల రద్దు చట్టం వచ్చినంక కూడా ఈ బహుమానం నడిచింది. కల్లం కాడ పెట్టే మేర కూడా అంతే. ఏడాది పొడుగునా మోట బొక్కెనలు కుట్టి, చెప్పులు కుట్టి, డప్పు కొట్టినందుకు రావాల్సిన గింజలు అవి. కానీ చేతులు చాచి, కొంగు పట్టి తీసుకోవాలి. పెట్టేవాడి నోట్లో "పెట్టిన" అనే మాట, తీసుకునేవాడి నోట్లో "దొరా, నీ కాల్మొక్త" అనే మాట. కూలిని దానంగా మార్చే యంత్రం ఇది.

ఇప్పుడు రెండో దిక్కు చూడండి. గడీలో పెండ్లయితే గొల్ల ఇంటి నుంచి యాట, కుమ్మరి ఇంటి నుంచి కుండలు, సాలోళ్ల నుంచి బట్ట, మాదిగ ఇంటి నుంచి చెప్పులు, చాకలి, మంగలి, మాల, మాదిగ ఇండ్ల నుంచి మనుషులు. పైసా లేకుండా. తెలంగాణ చరిత్రలో అతి పెద్ద దాతలు ఎవరంటే ఈ లెక్క ప్రకారం వెట్టి కులాలే. వాళ్లిచ్చినదానికి శిలాఫలకం లేదు, దాని పేరు మామూలు, నాగు, వెట్టి. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాల రైతుకూలీలు వెట్టి చెయ్యమని, మామూళ్లు ఇయ్యమని నిలబడితే సర్కారు ఆ తాలూకాలను కల్లోలిత ప్రాంతాలు అన్నది. ఇచ్చుడు బందు పెట్టడం అంత పెద్ద నేరం అయింది. దాతృత్వ చరిత్ర రాసేవాళ్లు ఈ సంగతిని తమ అధ్యాయంలో చేర్చరు, అది "ఉద్యమాల చరిత్ర" ఖాతాలోకి పోతుంది.

వేములవాడ, ధర్మపురి, బాసర పోయినవాళ్లకు సత్రాలు తెలుసు. చాలావాటికి బోర్డు మీదనే కులం పేరు ఉంటుంది. కులం సొమ్ము కులం కోసం ఖర్చు పెట్టుకోవడం తప్పని నేననను. కానీ దాన్ని "సమాజ సేవ" అని రాసేటప్పుడు ఏ సమాజం అన్న ప్రశ్న అడగాలె. రాజన్నకు కోడె మొక్కు మా వాడోళ్లు కూడా కడతరు. మొక్కు తీసుకునేటప్పుడు కులం అడగరు, రాత్రి పండుకునే తావు దగ్గరికొచ్చేసరికి బోర్డు చదవాల్సి వస్తుంది.

మిషన్ల విషయం ఇంత సులువుగా తేలదు. వెస్లియన్ మెథడిస్టులు 1879 ప్రాంతంలో హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చారు. 1880ల్లోనే కరీంనగర్‌లో అడుగుపెట్టారు. మాలవాడల్లో, ఆ తర్వాత మాదిగవాడల్లో సంఘాలు పెట్టారు. మెదక్ చర్చి 1914లో మొదలై 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. పాస్నెట్ దొర కరువులో జనానికి అన్నం పెట్టడానికే ఆ పని పెట్టించాడని అందరూ రాస్తారు. కరువులో ఆదుకున్న మాట నిజమే, కాదనను. అయితే పదేండ్లు సున్నం కలిపి, రాయి మోసి, గోపురం లేపినవాళ్లు తిన్నది కూలి గదా! దాన్ని భిక్ష అనడం ఎట్లా? గడీ దగ్గర మేర దానం అయినట్టే ఇక్కడ కూలి కరుణ అయింది. రాసినవాడి మతం మారింది గానీ వాక్యం మారలేదు.

దీనికి ఇంకో కొస ఉంది. ఆ చర్చిల్లో చేరిన మావోళ్లను "బియ్యం కోసం మతం మారినోళ్లు" అని హిందూ సంస్కర్తలు వెక్కిరించారు, ఇప్పటికీ వెక్కిరిస్తున్నారు. గుడి సత్రంలో తిన్నవాణ్ని బియ్యం హిందువు అని ఎవరైనా అన్నారా? పైగా 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ని షెడ్యూల్డు కులాల జాబితా నుంచి తీసేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు, క్రైస్తవులను కలపలేదు. అంటే మిషన్ బడిలో అక్షరం నేర్చుకున్న కుటుంబం ఆ అక్షరానికి రిజర్వేషన్‌తో ధర కట్టాలి. అందుకే మా దిక్కు ముసలమ్మలకు రెండు పేర్లు, చర్చి రిజిస్టర్లో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి. దానం ఉచితం అనుకునేవాళ్లు ఈ రెండు పేర్ల లెక్క చూడాలి. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ముట్టుకోని రోగిని ముట్టుకున్న చెయ్యి, ఆ చెయ్యి ఎవరిదైనా, ఆ రోగి మరువడు. పక్క జిల్లాలో, డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో తెరిచిన కుష్టు ఆసుపత్రికి డబ్బు పెట్టినవాళ్లలో రాజా నర్సాగౌడ్ ముఖ్యుడు. దొరల వంశాల దానాలు రాసే కలాలు ఒక గౌడ దానాన్ని ఎంత తక్కువగా తలుచుకుంటాయో గమనించండి.

దాతృత్వం మీద అసలైన వాదం 1932లో జరిగింది. ఆ చర్చను మన పిల్లలకు బడిలో చెప్పరు. పూనా ఒప్పందం అయిన వారం రోజులకే అస్పృశ్యతా నివారణ సంఘం పెట్టారు, అదే తర్వాత హరిజన సేవక్ సంఘం. బిర్లా అధ్యక్షుడు, ఠక్కర్ కార్యదర్శి. మొదట్లో బోర్డులో అంబేడ్కర్ కూడా ఉన్నారు. 1932 నవంబర్‌లో లండన్ పోతూ ఓడ మీద నుంచి ఆయన ఠక్కర్‌కు ఒక పొడుగాటి ఉత్తరం రాశారు. సారాంశం నా మాటల్లో చెప్తాను: మీరు ఒక్కొక్క మనిషిని పట్టుకొని మంచి అలవాట్లు నేర్పుతాం, చదివిస్తాం అంటున్నారు. అది కాదు, బావి కాడ, బడి కాడ, బాట మీద మా హక్కు కోసం కొట్లాడండి, ఉద్యోగాల్లో సమాన అవకాశం ఇప్పించండి. ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. ఆయన బయటికొచ్చారు.

తర్వాత కొందరు దళితులు గాంధీని అడిగారు, సంఘం బోర్డులో మేమెందుకు లేమని. దానికి గాంధీ చెప్పిన సమాధానం పైకి చాలా ఉదాత్తంగా ఉంటుంది: ఇది సవర్ణులు తీర్చుకోవాల్సిన బాకీ, బాకీ ఉన్నవాళ్లే తీర్చే పని చూసుకోవాలి, మీరు సలహా సంఘాలు పెట్టుకోండి. ఒక్కసారి ఆగి ఆలోచించండి. కరీంనగర్ జిల్లాలో ఏ సావుకారి దగ్గరైనా ఈ నీతి చెల్లుతుందా? "నీకు నేను బాకీ ఉన్న, ఎంత, ఎప్పుడు, ఏ రూపంలో కట్టాల్నో నేనే చూసుకుంట, నువ్వు సలహా చెప్పు" అంటే సావుకారి ఊకుంటడా? పత్రం చేతిలో పట్టుకొని ఇంటి ముందర కూసుంటడు. బాకీ అని ఒప్పుకుంటూనే పత్రాన్ని తన జేబులో పెట్టుకోవడం, హరిజన సేవ మొత్తం ఆ ఒక్క కిటుకు మీద నిలబడ్డది. 1945లో వచ్చిన పుస్తకంలో అంబేడ్కర్ దీన్ని రాజకీయ దానం అన్నారు, దయతో చంపే పథకం అన్నారు.

ఇదంతా జరిగేనాటికి మన రాజ్యంలో ఇంకోరకం పని ఇరవై ఏండ్ల నుంచి నడుస్తున్నది. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1910లో ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో బడులు మొదలుపెట్టాడు. 1930ల నాటికి అవి 26 బడులు. ఈ పనిలో ఇచ్చేవాడు, తీసుకునేవాడు ఒకే వాడ మనుషులు. దాతృత్వ చరిత్రల్లో భాగ్యరెడ్డి వర్మ ఉండడు, ఉంటే "సంఘ సంస్కర్త" అని వేరే గదిలో ఉంటాడు. దాత అన్న హోదా మాలవాడకు ఇయ్యడానికి కలం రాదు.

"హైదరాబాద్ అంబేడ్కర్" అని పేరు తెచ్చుకున్న బి.ఎస్. వెంకట్రావు 1947లో నిజాం చివరి మంత్రివర్గంలో విద్యామంత్రి. ఆయన పట్టుబట్టి అణగారిన కులాల చదువు కోసం కోటి రూపాయల నిధి పెట్టించాడు. రాతల్లో ఇది "నిజాం ప్రభువు ఉదారత". ఆ కోటి ఎవరిది? శిస్తు కట్టింది ఎవరు, ఆ శిస్తు పండించింది ఎవరు? ఇండియన్ యూనియన్‌తో తగవు నడుస్తున్న ఆ రోజుల్లో దళితుల మద్దతు నిజాంకు ఎంత అవసరమో కూడా తెలిసిందే. వెంకట్రావు బేరం ఆడాడు. బేరం ఆడటం తప్పా? దానంగా రాస్తే నిజాం గొప్పోడైతడు, బేరంగా రాస్తే వెంకట్రావు రాజకీయ నాయకుడైతడు. ఔరంగాబాద్‌లో అంబేడ్కర్ పెట్టిన కాలేజీకి ఆ నిధి నుంచి అప్పు అందింది. 1950లో ఆ కాలేజీ తెరుచుకుంది. అప్పు అన్నమాట గమనించండి, చందా కాదు.

ఆదిలాబాద్ కథ కూడా ఇట్లనే రాశారు, కాకపోతే అక్కడ నేను కొంచెం తడబడుతున్నాను. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను చంపినంకనే నిజాం సర్కారుకు గోండులు కనబడ్డరు. హైమెండార్ఫ్‌ను పిలిపించారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. పట్టాలు ఇచ్చారు. పుస్తకాలు దీన్ని ఒక మానవ శాస్త్రవేత్త కరుణగా చెప్తాయి. భీం అడిగింది పన్నెండు ఊళ్లు, వాటి మీద అధికారం. వచ్చింది పట్టాలు, బడులు. అడిగినదానికీ వచ్చినదానికీ మధ్య ఉన్న తేడాకే దాతృత్వం అని పేరు. ఇంతవరకు నా వాదం బాగానే నడుస్తుంది. కానీ 1987లో చనిపోయిన బెట్టీ ఎలిజబెత్‌ను మార్లవాయిలోనే పూడ్చారు. హైమెండార్ఫ్ అస్తికలను కూడా 2012లో అక్కడికి తెచ్చి ఆమె పక్కన పెట్టుకున్నారు. ఏటా జనవరి 11న గోండులు అక్కడ కూడుతరు. వాళ్లను ఎవరూ బలవంతంగా తేలేదు. తీసుకున్నవాళ్లు తమ ఇష్టంతో తలుచుకునే ఈ తలపును "మోసపోయారు" అని కొట్టేసే హక్కు యూనివర్సిటీలో కూచున్న నాకు లేదు. ఆయన వాళ్ల భాష నేర్చుకున్నాడు, వాళ్ల ఊళ్లో ఉన్నాడు. సేవక్ సంఘం బోర్డుకూ మార్లవాయి గుడిసెకూ తేడా అక్కడ ఉందేమో.

భూదానం గురించి రెండు మాటలు చాలు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు వినోబాను ఎనభై ఎకరాలు అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఇస్తానన్నాడు. అంతకు ముందటి ఏడాదే కౌలుదారీ చట్టం వచ్చింది, దానికి ముందు సాయుధ పోరాటం జరిగింది. హక్కుగా గుంజుకుంటున్న భూమి ఒక్క సాయంత్రంలో దానం అయిపోయింది. అడిగిన దళితుల పేర్లు ఎంతమందికి తెలుసు?

ఈ అలవాటు పోలేదు. 2024లో ఆంధ్రప్రదేశ్ సర్కారు బడి మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. ఆమె గోదావరి దిక్కు అన్నదాత, 1909లో చనిపోయింది. ఆమె పెట్టిన అన్నం మీద నాకు కోపం లేదు. కానీ మధ్యాహ్న భోజనం పిల్లల హక్కు, 2001లో సుప్రీంకోర్టు ఆదేశించినది, పన్నుల సొమ్ముతో వండేది. దానికి అన్నదాత పేరు తగిలించిన క్షణంలో పిల్లగాడు మళ్లీ "కు" విభక్తిలోకి పోయిండు. ఆ అన్నం వండే ఆడవాళ్ల గౌరవ వేతనం నెలలు నెలలు బాకీ ఉంటే అడిగేదెవరు? "గౌరవ వేతనం" అన్న మాట కూడా ఇనాం చెల్లెలే.

ఇంతా రాసినంక మన ఇంటి సంగతి దాచిపెడితే బాగుండదు. పోయిన ఏడాది మా ఊళ్లె అంబేడ్కర్ విగ్రహం పెట్టుకున్నం. సర్కారు నౌకర్లు చేసేటోళ్లు, గల్ఫ్ పోయినోళ్లు, బీడీలు చుట్టే ఆడోళ్లు, అందరం చందాలు ఏసుకున్నం. గద్దె మీద నల్ల గ్రానైటు పలక పెట్టిండ్రు. పదివేలు దాటి ఇచ్చినోళ్ల పేర్లు పెద్ద అక్షరాల్లో, అయిదువేలు ఇచ్చినోళ్లవి చిన్న అక్షరాల్లో. నా పేరు చిన్న అక్షరాల్లో ఉంది. బీడీల పైసల్లోంచి నూరు, రెండు నూర్లు ఇచ్చినోళ్లకు "మరియు వాడ ప్రజలు" అని ఒక గీత. కమిటీలో నేను అడిగిన, అందరి పేర్లు రాయొచ్చు గదా అని. తావు సరిపోదన్నరు. పలక వెనక మొత్తం ఖాళీగనే ఉంది.